తప్పు, అబద్ధము, తొండి: బాలుర నీతివివేచన సిద్ధాంతములు

మన ప్రాథమిక పాఠశాలల పరీక్షాపత్రములలో "తప్పొప్పులను గుర్తింపుము" అను ప్రశ్న తరచుగా కానవచ్చును. "సూర్యుడు పడమట ఉదయించును" అను వాక్యమున కెదురుగా పిల్లవాడు "తప్పు" అని వ్రాయును. ఆ పిల్లవాడే తోటివానిని కొట్టినపుడు ఉపాధ్యాయుడు "తప్పు" అని మందలించును. కూడిక సరిగా రాకున్న తప్పు. పెద్దల యెదుట కాళ్లు చాచుకొని కూర్చున్న తప్పు. నడచిపోవుచుండగా కాలు పుస్తకమునకు తగిలిన తప్పు. వెంటనే ఆ పుస్తకమును కన్నుల కద్దుకొనవలెను. ఇన్నింటికిని మనము వాడుచున్నది ఒక్కటే మాట. పిల్లవాడు వీనిని వేర్వేరుగా నెరుగునా, ఒక్కటిగానే యెరుగునా, ఆ భేదము వానికెప్పుడు కలుగును, ఎట్లు కలుగును అని ప్రశ్నించినచో జవాబు సులభము కాదు.

ఇరువదవ శతాబ్దమున ఐరోపా అమెరికాలలోని మనస్తత్వశాస్త్రజ్ఞులు ఇట్టి ప్రశ్నను చేపట్టి విశేషకృషి చేసిరి. వారి సిద్ధాంతములను విద్యాశాస్త్ర విద్యార్థులు దశలుగను, స్థాయిలుగను కంఠస్థము చేయుచున్నారు. ఆ దశల నిర్ణయమునకు ఆధారమేమి? పిల్లలకు కథలు చెప్పి, ప్రశ్నలు వేసి, రాబట్టిన జవాబులే. అనగా ఈ శాస్త్రము చాలవరకు మాటలమీద నిలిచిన శాస్త్రము. మేము మనస్తత్వశాస్త్రజ్ఞులము కాము, భాషాసాహిత్యములను బోధించువారము. అయినను ప్రశ్నలోని మాట మారినపుడెల్ల పిల్లవాని దశయు మారుచు వచ్చినదని ఈ శాస్త్రచరిత్రమే చెప్పుచున్నది గనుక, ఇందు మనవంటివారి బాధ్యతయు కొంత కలదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

జ్యాఁ పియాజే 1896లో స్విట్జర్లాండునందలి నూషటెల్ నగరమున జన్మించెను. మొదట నత్తల జాతులను పరిశోధించిన జీవశాస్త్రజ్ఞుడు. ఆయన 1919లో పారిసు చేరి, అచట బినే సహచరుడైన సిమోన్ ప్రోత్సాహముతో, ఇంగ్లండులో బర్ట్ రచించిన తర్కపరీక్షలను ఫ్రెంచి పిల్లలకు తగినట్లు సరిచేయు పనిలో ప్రవేశించెను. సరియైన జవాబులను లెక్కించుట ఆ పని. ఆయన కన్ను మాత్రము తప్పు జవాబులపై నిలిచెను. ఒక వయస్సు పిల్లలందరును ఒకే విధమైన తప్పు చేయుచున్నారు. కావున అది తెలియనితనము కాదు, వేరొక తీరు తెలివి యని ఆయన ఊహించెను. 1921లో జెనీవాలోని రూసో విద్యాసంస్థలో చేరి, 1980లో మరణించువరకు ఆ యూహనే విస్తరించెను. తప్పు జవాబును దిద్దుటకు ముందు దానిని వినవలెనన్న ఆ యొక్క పాఠము కొరకైనను ఉపాధ్యాయులు ఆయనకు ఋణపడి యున్నారు.

బుద్ధివికాసమును గూర్చి ఆయన చెప్పిన నాలుగు దశలు, ఇంద్రియచాలక దశ మొదలుకొని నియత ప్రచాలక దశ వరకు, శిక్షణ కళాశాలల పుస్తకములన్నింటను కలవు గనుక ఆ పట్టికను ఇచట మరల నీయము. ఒక్క ప్రయోగమును మాత్రము జ్ఞప్తికి దెచ్చుకొందము. ఒకే తీరు గ్లాసులు రెంటిలో సమానముగా నీరు పోసి, "ఈ రెంటిలో నీరు సమానమేనా?" అని అడుగుదురు. పిల్లవాడు సమానమే యనును. ఒక గ్లాసులోని నీటిని సన్నని పొడవైన పాత్రలోనికి వంచి, "ఇప్పుడు సమానమేనా, ఎందులోనైన నెక్కువ యున్నదా?" అని మరల అడుగుదురు. అయిదేండ్ల పిల్లవాడు సాధారణముగా పొడవైన పాత్రలోనే ఎక్కువ యున్నదనును. ఏడెనిమిదేండ్లకు ఆ మాట అనడు. కంటికి కనబడు ఎత్తును దాటి పరిమాణము మారలేదని గ్రహించుటను పదిలపరచుకొను భావన యందురు. ఈ ప్రయోగముతో మరల పని యున్నది.

నీతివిషయమున పియాజే గ్రంథము 1932లో వెలువడెను. అందు మొదటి ప్రకరణము గోళీలాటను గూర్చినది. ధర్మమును విచారింప బూనినవాడు మతగ్రంథమును, న్యాయస్థానమును విడిచి గోళీలాటతో మొదలిడుట మొదట వింతగా తోచును గాని, కారణము స్పష్టమే. గోళీలాట నియమములు పెద్దలు నేర్పినవి కావు. పెద్ద పిల్లలనుండి చిన్నపిల్లలకు సంక్రమించుచున్న పిల్లల సొంత ధర్మశాస్త్రమది. జెనీవా, నూషటెల్ నగరములలో ఆయన పిల్లలతో కూర్చుండి, ఆట తెలియనివానివలె నటించి, "నాకు నేర్పుము" అని అడిగెను. మూడు నాలుగేండ్లవారు గోళీలను గుంటలో పోసికొని యాడుకొందురు, నియమమే లేదు. అయిదారేండ్లవారు పెద్దలను చూచి నియమమును అనుకరింతురు గాని, ఎవరియాట వారిదే. ఇద్దరును "నేనే గెలిచితిని" అందురు. ఏడెనిమిదేండ్లకు పోటీయు, దానితోపాటు నియమమును సమానముగా పాటింపవలెనన్న పట్టును కలుగును. పదునొకండు పండ్రెండేండ్లకు నియమచర్చయే ఒక యాట యగును.

తెలుగుదేశమున ఆడుకొనిన వారికెవరికైనను ఇది పరిచయమైన దృశ్యమే. చిన్నపిల్లవానిని ఆటలో చేర్చుకొని, వాడు ఔటైనను ఔటు కాదని విడిచిపెట్టుటకు మన పిల్లలు "ఆటలో అరటిపండు" అను పేరు పెట్టినారు. పియాజే రెండవ దశయని వర్ణించిన దానిని మన వీథులలోని పెద్దపిల్లలు ఎన్నడో గుర్తించి దానికొక స్థానము కల్పించిరన్నమాట. అట్లే "తొండి" అను మాటయు. నియమ మెరుగనివాడు చేసినది తొండి కాదు. ఎరిగియు తప్పించినవాడు చేసినదే తొండి. ఈ మాటలో ఉద్దేశమునకు స్థానమున్నది. పెద్దలు నేర్పని మాటలో అట్టి సూక్ష్మభేద మిమిడియుండుట గమనింపదగినది.

నియమమును పాటించుట యొకటి, దానిని గూర్చి తలచుట యింకొకటి. "నీవు కొత్త నియమము చేయవచ్చునా?" అని అడుగగా ఆరేడేండ్ల పిల్లలు చేయరాదనిరి. నియమములు తండ్రులు చేసినవని కొందరు, దేవుడు చేసినాడని కొందరు, ఊరిపెద్దలు చేసిరని కొందరు చెప్పిరి. విచిత్రమేమనగా ఆటలో నియమమును అధికముగా నుల్లంఘించువారు వీరే. పది దాటినవారు, అందరు సమ్మతించినచో మార్చవచ్చుననిరి. వీరే నియమమును శ్రద్ధగా పాటించువారు. పై యధికారమునుండి వచ్చిన నియమము మీద భక్తి యుండును గాని పట్టు కలుగదు. తమలో తాము ఒప్పుకొనిన నియమము మీద పట్టు కలుగును. మొదటిదానిని పరతంత్రనీతి యనియు, రెండవదానిని స్వతంత్రనీతి యనియు వ్యవహరింపవచ్చును. డర్కైమ్ నీతిని సమాజము తన యధికారముతో వ్యక్తిపై నుంచు శాసనముగా చెప్పి, తరగతిలో ఉపాధ్యాయునికి పురోహితుని స్థానము నొసగెను. పియాజే దీనితో నేరుగా తలపడెను. ఉపాధ్యాయుని శాసనముకంటె సమవయస్కుల సహకారమే నీతికి మూలమని ఆయన వాదము. ఇది గోళీలను గూర్చిన వివాదము కాదు. బడిలో క్రమశిక్షణ యెవరి చేతిలో నుండవలెనను వివాదము.

ఇక కథలు. ఒక పిల్లవానిని భోజనమునకు పిలిచిరి. వాడు తలుపు త్రోయగా, తలుపు వెనుక కుర్చీమీదనున్న పళ్లెము క్రిందపడి పదునైదు కప్పులు పగిలినవి. అవి అచట నున్నట్లు వానికి తెలియదు. ఇంకొక పిల్లవాడు తల్లి ఇంటలేని సమయమున అలమారలోని తీయని పాకము తీసికొనబోయి కుర్చీ యెక్కగా, చేయి తగిలి ఒక కప్పు పగిలినది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నవారిలో ననేకులు పదునైదు కప్పుల పిల్లవానిదే యనిరి. సుమారు తొమ్మిదేండ్లవారు పాకము దొంగిలింపబోయినవానిదే యనిరి. నష్టమును లెక్కించు తీర్పు ముందు, ఉద్దేశమును లెక్కించు తీర్పు తరువాత. అయితే ఒకే పిల్లవానియందు రెండు తీరుల తీర్పులును కలసియుండగలవని పియాజేయే హెచ్చరించెను. అనంతరవ్యాఖ్యాతలు ఈ హెచ్చరికను విడిచి, దశలను మెట్లవలె కట్టిపెట్టినారు.

మనవారు కథ చెప్పి నీతిని తామే చెప్పుదురు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడిన నాటినుండియు, అంతకుముందును, మన నీతికథల సంప్రదాయ మదియే. పియాజే కథ చెప్పి నీతిని పిల్లవానిని చెప్పుమనెను. ఇంత చిన్న మార్పుతో ఒక శాస్త్రము పుట్టినది.

అబద్ధమును గూర్చిన ప్రకరణము భాషాధ్యయనపరులకు మరింత విలువైనది. చిన్నపిల్లలు అబద్ధమనగా "చెడ్డమాట" యనిరి. తిట్టును గూడ అబద్ధములలో చేర్చిరి. కొంత పెద్దవారు సత్యము కానిదెల్ల అబద్ధమేయనిరి. రెండును రెండును అయిదని పొరపాటున చెప్పినను అబద్ధమే. పిమ్మటగాని మోసగింపవలెనను తలంపు లక్షణములో చేరలేదు. ఆవంత కుక్కను చూచితినని భయపడి చెప్పిన పిల్లవాడును, ఉపాధ్యాయుడు మంచి మార్కులు ఇయ్యకున్నను ఇచ్చెనని తల్లితో చెప్పిన పిల్లవాడును కథలలో వత్తురు. చిన్నవారు ఆవంత కుక్కయే పెద్ద అబద్ధమనిరి. ఏలయన అట్టి కుక్క ఎచటను లేదు. మార్కులు రావచ్చును గదా, తల్లి నమ్మును గదా యనిరి. నమ్మదగినంత చిన్న అబద్ధము చిన్న తప్పు! పెద్దల తీర్పు సరిగా దీనికి తలక్రిందులు.

ఈ ప్రశ్నను తెలుగున నెట్లడుగుదుము? "అబద్ధము" సంస్కృతమున కట్టుబడనిది, పొందిక లేనిది అను నర్థము గల పదము. మన వాడుకలో అది అసత్యవాక్యము పేరు. పలికినవాని యుద్దేశముతో దానికి నియతమైన సంబంధము లేదు. "నిన్న విన్న వార్త అబద్ధమట" అనునపుడు ఎవరిని నిందించుటయు లేదు. "బొంకు" అట్లు కాదు. బొంకుటకు బొంకెడివాడొకడు కావలెను. వానికి నిజము తెలిసియుండవలెను. "కల్ల" ఈ రెంటికి నడుమ నున్నది. రెండును రెండును అయిదని పొరపాటుగా ననినవాడు అబద్ధము చెప్పినాడా యని అడిగినచో, ఔననిన తెలుగు బాలుని మాటను నీతివివేచనలోని లోపముగా గణింప వీలులేదు. వాడు మాట యర్థమును చెప్పినాడంతే. బొంకినాడా యని అడుగుదమన్న, ఆ మాట నేటి పిల్లలలో ననేకులకు పరిచయము తప్పినది. అనువాదకుడు ఇచట తీసికొను నిర్ణయమే ఫలితమును రెండు మూడేండ్లు ముందునకో వెనుకకో జరుపగలదు.

ఇది మా యూహ మాత్రమే కాదు. ఇట్టి దోషములు పియాజే ప్రయోగములలోనే యున్నవని తరువాతివారు చూపిరి. నీటిగ్లాసుల ప్రయోగమున ఒకే ప్రశ్న రెండుమారులడుగుదురు. 1974లో రోజ్, బ్లాంక్ అను పరిశోధకులు మొదటి ప్రశ్నను మాని, మార్పు తరువాత ఒకమారు మాత్రమే అడిగి చూచిరి. సరియైన జవాబులు పెరిగినవి. మన తరగతిలో నిల్చినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. ఉపాధ్యాయుడు మరల అడిగినాడన్న మొదటి జవాబు తప్పన్నమాటే. పిల్లవాడు వెంటనే మార్చును. అదే కాలమున ఎడింబరోలో మెక్‌గ్యారిగిల్, మార్గరెట్ డొనాల్డ్సన్ అనువారు రెండు సమానమైన వరుసలు పేర్చి, పెద్దవారు బుద్ధిపూర్వకముగా మార్చుటకు బదులు, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుసను చెదరగొట్టినట్లు చేసిరి. నాలుగు మొదలు ఆరేండ్లలోపు పిల్లలు మునుపటికంటె చాల హెచ్చుగా "సమానమే" యనిరి. పిల్లలు వినునది ప్రశ్న యొక్కటియే కాదు. అడుగువా రెందుల కడుగుచున్నారన్నదియు వారు వినుచున్నారు. డొనాల్డ్సన్ 1978లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదము విపులముగా నున్నది. తెలుగున ఇంకొక చిక్కు: "ఎక్కువ" యను మాట పరిమాణమునకును, "ఎత్తెక్కువ" యని ఎత్తునకును సమానముగా చెల్లును.

కప్పుల కథలకును ఇట్టి విమర్శ వచ్చినది. పాకము దొంగిలింపబోయినవాడును కప్పును కావలెనని పగులగొట్టలేదు; అందుచేత ఈ కథలు ఉద్దేశమును సరిగా వేరుచేయుట లేదు. నష్టము చివర వచ్చును, అది పిల్లవాని జ్ఞాపకమున నిలుచును. రెండు కథలను ఒకేసారి మనస్సున నుంచుకొని పోల్చుట నీతికంటె జ్ఞాపకశక్తికి పరీక్ష. నెల్సన్ 1980లో బంతి విసరిన బాలుని కథను, వాని తలంపు స్పష్టమగునట్లు బొమ్మలతో చూపగా, మూడేండ్లవారును తలంపును లెక్కలోనికి తీసికొనిరి. పియాజే వర్ణించిన క్రమము పూర్తిగా కూలిపోలేదు. చిన్నవారు నష్టమును హెచ్చుగా తూచుట నేటికిని కానవచ్చుచునే యున్నది. కూలినది వయస్సుల పట్టిక.

లారెన్స్ కోల్బర్గ్ 1927లో న్యూయార్కు ప్రాంతమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము, ఐరోపాలోని యూదు శరణార్థులను పాలస్తీనాకు చేర్చబోయిన యొక ఓడలో ఆయన పనిచేసెను. బ్రిటిషువారు ఆ ఓడను పట్టుకొనిరి. శాసనమును ధిక్కరించుట ఎప్పుడు ధర్మమగును అను ప్రశ్న ఆయనకు పుస్తకములలో దొరికినది కాదు. 1958లో షికాగో విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధనలో పది, పదుమూడు, పదునారేండ్ల బాలురు డెబ్బదిరెండుగురిని ప్రశ్నించెను. హైన్స్ అనువాని భార్య మరణశయ్యపై నున్నది. మందు కనుగొన్న దుకాణదారు తయారీ ఖర్చునకు పదిరెట్లు, రెండువేల డాలర్లు, అడుగుచున్నాడు. హైన్స్ సగము మాత్రమే కూడబెట్టగలిగెను. దుకాణము పగులగొట్టి మందు దొంగిలింపవలెనా? ఔనన్నను కాదన్నను కోల్బర్గునకు సమానమే. ఎందుచేత నన్నదే ఆయన తూచినది. శిక్షాభయము, ఇచ్చిపుచ్చుకొనుట, మంచివాడనిపించుకొనుట, చట్టమును నిలుపుట, ఒడంబడిక, విశ్వజనీనధర్మము అని ఆరు దశలను, మూడు స్థాయిలుగా కూర్చెను.

ఆ బాలురను ఇరువదేండ్లపాటు మరల మరల ప్రశ్నించిన ఫలితములు 1983లో వెలువడినవి. దశలు దాటవేయకుండ వరుసగా వచ్చుట చాలవరకు నిజమైనది. కాని ఆరవదశ ఆ సమాచారమున కానరాలేదు గనుక దానిని గణనగ్రంథమునుండి తొలగింపవలసి వచ్చెను. శిఖరమని చూపబడినది మనుష్యులలో గాక సిద్ధాంతకర్త తలంపులో నుండెనన్నమాట. మన పాఠ్యపుస్తకములు మాత్రము ఆరింటిని వ్రాయించుచున్నవి. 1985లో స్నారీ ఇరువదియేడు సంస్కృతులలో జరిగిన నలువదియైదు పరిశోధనలను సమీక్షించి, మొదటి దశలు అంతటను కనబడినను, అయిదవదశ గ్రామసమాజములలో దొరకలేదని చూపెను. గ్రామీణులు అంతవరకు ఎదుగలేదనుటకంటె, వారి జవాబులను గుర్తించు మాటలు ఆ గణనగ్రంథమున లేవనుటయే న్యాయమని మా యభిప్రాయము. స్నారీయు ఇట్టి సందేహమును వెలిబుచ్చెను.

కారొల్ గిలిగన్ 1982లో వేరొక లోపమును చూపెను. కోల్బర్గ్ మొదట ప్రశ్నించినవారందరు బాలురే. గిలిగన్ గ్రంథములో పదునొకండేండ్ల బాలుడొకడు, బాలిక యొకతె హైన్స్ కథకు జవాబు చెప్పుదురు. బాలుడు దీనిని మనుష్యులతో వేసిన లెక్కవలె జూచి, ప్రాణము ధనముకంటె గొప్పది గనుక దొంగిలింపవలెననెను. బాలిక తడబడుచు, దొంగతనము కాక వేరు దారి యుండవచ్చుననెను: అప్పు తీసికొనవచ్చును, దుకాణదారుతో మరల మాటాడవచ్చును, వాడు చెరసాలకు పోయిన భార్యకు దిక్కెవరు? పాతగణనములో ఆమె జవాబు తక్కువ దశలో పడును. గిలిగన్ చెప్పిన సమాధానము సూక్ష్మమైనది: ఆ బాలిక విన్న ప్రశ్న వేరు. ఏదైన చేయవలెనా యనుట ఆమెకు సందేహమే కాదు. చేయవలసినది దొంగతనమా యన్నదే సందేహము. ఆంగ్లమున ఈ రెండును ఒకే వాక్యములో, ఊనిక భేదముతో మాత్రమే యుండును. తెలుగున ఒక్క ఏకారము దీనిని తేటపరచును. "దొంగతనము చేయవలెనా?" అన్నది బాలుడు విన్న ప్రశ్న, "దొంగతనమే చేయవలెనా?" అన్నది బాలిక విన్న ప్రశ్న. మొత్తముమీద స్త్రీపురుషుల దశలలో గణనీయమైన భేదము లేదని వాకర్ 1984లో అనేక పరిశోధనలను కూర్చి చూపెను. ఐనను, జవాబును తూచుటకు ముందు ప్రశ్నను తూచుడన్న గిలిగన్ మాట నిలిచియే యున్నది.

ఇక మన మొదటి ప్రశ్నకు వత్తము. పియాజే కోల్బర్గులిద్దరును చిన్నపిల్లవానికి ఆచారమునకును ధర్మమునకును భేదము తెలియదనిరి. ఎలియట్ ట్యూరియెల్, 1983 నాటి గ్రంథములో, దీనిని కాదనెను. ఆయన తప్పా కాదా యని యడిగి ఊరకుండడు. "మీ బడిలో అట్టి నియమము లేదనుకొనుము, ఉపాధ్యాయుడే చేయవచ్చునని చెప్పెననుకొనుము, అప్పుడైనను తప్పేనా?" అని పొడిగించును. 1981లో స్మెటానా చూపినట్లు మూడు నాలుగేండ్ల పిల్లలు గూడ, తోటివానిని కొట్టుట నియమము లేకున్నను తప్పే యనిరి. వస్తువులను చోటున పెట్టకుండుట వంటివి నియమము లేనిచో తప్పు కాదనిరి. ఒకే మాటతో పిలుచుచున్నను వారిలో భేద మున్నది. దానిని బయటపెట్టుటకు రెండవ ప్రశ్న కావలసియుండెను.

ష్వేడర్, మహాపాత్ర, మిల్లర్ అనువారు ఈ భేదమును భువనేశ్వరమున పరీక్షించి 1987లో ప్రకటించిరి. ముప్పదితొమ్మిది సంఘటనలను భువనేశ్వరవాసులకును షికాగోవాసులకును చెప్పి తీర్పు కోరిరి. తండ్రి మరణించిన మరునాడే పెద్దకొడుకు క్షౌరము చేయించుకొని కోడిమాంసము తినుట, బ్రాహ్మణకుటుంబముల వారి దృష్టిలో ఆ సంఘటనలన్నింటిలో అత్యంత ఘోరమైనదిగా తేలెను. షికాగోవాసులకు ఇందు దోషమే కనబడలేదు. కావున ఆచారధర్మముల భేదము అన్ని దేశములకు సహజము కాదని వీరి వాదము. ట్యూరియెల్ వర్గమువారు బదులు చెప్పిరి: కొడుకు చేసిన పని తండ్రి యాత్మకు హాని కలిగించునని అచటివారు నమ్ముచున్నారు, హాని కలదని నమ్మినచోట ధర్మమని యెంచుట ఎచటనైన నొక్కటే, భేదము లోకమును గూర్చిన నమ్మకములో నున్నది. ఈ సమాధానము బలమైనదే గాని, పూర్తిగా తృప్తికరము కాదు. ఏ తీర్పునకైనను వెనుక నొక హానిని కల్పించి చెప్పవచ్చును గదా.

"పాపము, కళ్లు పోవును" అని మన పెద్దలు బాలురను బెదరించుట అందరెరిగినదే. దొంగపండ్లు కోసి పారిపోవుచున్నవాడు పుచ్చిన వంతెన విరిగి నీటబడినాడను పియాజే కథలో, దొంగిలింపకున్నచో వంతెన విరిగెడిదా యని అడుగగా, విరుగదని చెప్పిన చిన్నపిల్లలు ఈ నమ్మకమునే వెలిబుచ్చిరి. దానిని ఆయన బాల్యదశగా లెక్కించెను. పెద్దలే బోధించుచున్నచోట దానిని బాల్యదశయనుట యెట్లు?

పియాజేతో సమవయస్కుడై 1934లో ముప్పదియేడేండ్లకే మరణించిన వైగాట్‌స్కీ నీతిని గూర్చి ప్రత్యేకగ్రంథము రచింపలేదు. కాని పెద్దలు వెలుపలనుండి పలికిన మాట క్రమముగా పిల్లవానిలోపలి మాటయై వాని నడవడిని నడపునన్న ఆయన వాదము ఇచట మిక్కిలి ఉపకరించును. అలమారవద్దకు పోయి, చేయి చాచి, తనలో తాను "తప్పు తప్పు" అనుకొని వెనుదిరిగిన చిన్నపిల్లను చూడనివా రరుదు. ఆ మాట మొదట తల్లిది. మాటల చిక్కు వలదని మాటలురాని శిశువులనే పరీక్షించిన వారును కలరు. హామ్లిన్, విన్, బ్లూమ్ 2007లో ఆరు, పది నెలల శిశువులు కొండ నెక్కువానికి తోడ్పడిన బొమ్మనే కోరిరని ప్రకటించిరి. ఇటీవల అనేక ప్రయోగశాలలు కలసి దానిని పెద్దయెత్తున మరల జరుపగా అట్టి మొగ్గు కనబడలేదు. కావున మరల మాటలలోనికే రావలసియున్నది.

"తప్పు" తెలుగున తొలుత ఒక క్రియ. గురి తప్పును, దారి తప్పును, మాట తప్పును. ఉన్నచోటునుండి జారుట దాని భావము. కావాలని జారెనా, పొరపాటున జారెనా అని ఆ మాట యడుగదు. "ఒప్పు" తగియుండుట; ఒప్పుకొనుట, ఒప్పందము దానినుండియే వచ్చినవి. పియాజే పదేండ్ల పిల్లలలో జూచిన సమ్మతినీతి ఈ రెండవమాటలో దాగియున్నదని చెప్పుటకు మనసు ఉవ్విళ్లూరును గాని, ధాతువును బట్టి జాతి మనస్తత్వమును నిర్ణయించుట మాకు సమ్మతము కాదు. మాకు కావలసినది చిన్న విషయము: "ఇది తప్పా?" అని తెలుగు బాలు నడిగినపుడు వాడు పొరపాటును, అపచారమును, అనాచారమును, అపరాధమును, వీనిలో దేనిని తలంచి "ఔను" అన్నాడో ఆ ఒక్క జవాబువలన తెలియదు.

కావున ఈ కథలను తెనిగించి పిల్లల నడుగదలచిన పరిశోధక విద్యార్థులకు మేము చెప్పదగినది కొంత కలదు. "దొంగిలింపవచ్చునా" అన్నచో అనుమతియు, సంభావ్యతయు రెండును ధ్వనించును. "దొంగిలింపవలెనా" అన్నచో విధి ధ్వనించును. ఆంగ్లమూలము ఈ రెంటికి నడుమ నున్నది. రెండు రూపములలోను అడిగి, రెండు జవాబులను వేరుగా వ్రాసికొనుట మేలు. గ్రాంథికమున నడిగిన ప్రశ్న పిల్లవానికి పరీక్షాపత్రమై తోచును. వాని యింటి మాటలో నడుగవలెను, అది గోదావరి తీరమైనను, పాలమూరైనను, రాయలసీమయైనను. జవాబును శిష్టభాషలోనికి దిద్ది వ్రాయరాదు. పిల్లవాడు "తొండి" యన్నచో తొండి యనియే, "ఉత్తుత్తినే" యన్నచో ఉత్తుత్తినే యనియే వ్రాయవలెను. ఉద్దేశమునకు వాడు పెట్టిన పేరు ఆ మాటలలో నుండవచ్చును. పుస్తకమునకు కాలు తగిలిన పిల్లవానిని గూర్చియు అడిగి చూడవలెను: "చూడకుండ తగిలినది గదా, ఐనను తప్పేనా? ఎవరును చూడకున్నను కన్నుల కద్దుకొనవలెనా?" అద్దుకొనవలెననిన పిల్లవాడు నష్టమును లెక్కించు దశలో నున్నాడా, తెలియక జరిగినదానికిని మన్నింపు కోరుట యను పెద్దల మర్యాదను నేర్చినాడా అన్నది పియాజే పట్టికలోగాని కోల్బర్గ్ పట్టికలోగాని దొరకదు. దానికి వాని "ఎందుచేత" కావలెను.